రష్యా పొరుగున బతకడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రష్యా రాజకీయాల గురించీ, ఆ దేశానికి ఇరుగుపొరుగుతో ఉన్న తగాదాల గురించీ పాఠకుల ఉత్తరాలు ఈమధ్య ఎక్కువగా వస్తున్నాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి ఎనిమిది ప్రశ్నలుగా ఇక్కడ తీసుకున్నాను. రష్యాకు 14 దేశాలతో భూసరిహద్దు ఉంది. చైనా, మంగోలియా, ఉత్తర కొరియాల సంగతి వేరే సంచికకు వదిలి, ప్రధానంగా ఒకప్పటి సోవియట్ రిపబ్లిక్కుల గురించే రాస్తున్నాను.

ప్రశ్న: విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో దొరికిన సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన తరం మాది. 1971లో మన పక్షాన నిలిచిన దేశమది. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోను తూర్పుకు జరుపుకుంటూ వచ్చి పాశ్చాత్య దేశాలే రష్యాను యుద్ధంలోకి లాగాయని నా అభిప్రాయం. మీరేమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ అభిమానానికి గట్టి కారణాలే ఉన్నాయి. 1971 ఆగస్టులో కుదిరిన మైత్రీ ఒప్పందం, ఆ డిసెంబరులో భద్రతా మండలిలో మన కోసం వేసిన వీటోలు, విశాఖ ఉక్కు కర్మాగారానికి అందిన సహకారం మనం మరచిపోకూడనివి. అయితే ఆ సాయం చేసింది 15 రిపబ్లిక్కులు కలిసిన సోవియట్ యూనియన్. మన వైమానిక దళం దశాబ్దాలుగా నడుపుతున్న ఏఎన్-32 రవాణా విమానాలను రూపొందించిన ఆంటనోవ్ సంస్థ కీవ్ నగరంలో ఉంది. విశాఖపట్నం పేరు పెట్టుకున్న మన యుద్ధనౌకను నడిపే గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నుంచి వచ్చాయి. మన కృతజ్ఞతలో ఉక్రెయిన్‌కు రావలసిన వాటాను కూడా మాస్కో ఖాతాలోనే వేయడం న్యాయం కాదని నేననుకుంటాను.

ఇక నాటో విషయం. మీ వాదనలో నిజం ఉంది. 1999లో పోలండ్, హంగరీ, చెక్ రిపబ్లిక్ చేరాయి. 2004లో బాల్టిక్ దేశాలు మూడూ (ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా) చేరాయి. 2008 ఏప్రిల్‌లో బుఖారెస్ట్ సదస్సులో ఉక్రెయిన్, జార్జియాలు ఏదో ఒకనాటికి సభ్యదేశాలవుతాయని నాటో ప్రకటించింది. ఎప్పుడన్నది చెప్పలేదు, అంతవరకు వాటిని ఎవరు కాపాడతారన్నదీ చెప్పలేదు. మాస్కోకు కోపం తెప్పించి, ఆ రెండు దేశాలకు ఏ రక్షణా ఇవ్వని ఆ ప్రకటన పాశ్చాత్య దేశాల పెద్ద తప్పిదమేనని నేనూ అంటాను. నాలుగు నెలలు తిరిగేసరికి, ఆగస్టులో జార్జియాపై యుద్ధం వచ్చింది. ఐదు రోజుల పోరు ముగిశాక జార్జియాలోని అబ్‌ఖాజియా, దక్షిణ ఒసెతియాలను రష్యా స్వతంత్ర దేశాలుగా గుర్తించింది. జార్జియా భూభాగంలో దాదాపు ఐదోవంతు నేటికీ రష్యా సైన్యం నీడలోనే ఉంది. అక్కడి పల్లెల్లో ముళ్లకంచె పొలాల మధ్య నుంచి వెళ్తుంది; తమ తోటకో, తాతముత్తాతల సమాధుల దగ్గరకో వెళ్లబోయిన రైతులు ‘సరిహద్దు దాటారు’ అన్న నేరం మీద నిర్బంధానికి గురవుతుంటారు.

అయినా ఉక్రెయిన్ విషయంలో జరిగినవాటి వరుస చూడండి. 2010లో అధ్యక్షుడు యనుకోవిచ్ హయాంలో ఉక్రెయిన్ పార్లమెంటు తమ దేశం ఏ సైనిక కూటమిలోనూ చేరదని చట్టం చేసింది. 2014 మార్చి 18న రష్యా క్రిమియాను తనలో కలిపేసుకున్న నాటికి ఆ చట్టం అమలులోనే ఉంది. దానిని రద్దు చేసింది ఆ ఏడాది డిసెంబరులో, అంటే భూమి పోయిన తరువాత. నాటో సరిహద్దే అసలు భయమైతే ఫిన్లాండ్ సంగతి చెప్పుకోవాలి. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఆ దేశం 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. మాస్కో గట్టిగా నిరసన తెలిపింది, సైనిక ఏర్పాట్లు మార్చుకుంది. యుద్ధానికి మాత్రం దిగలేదు.

పుతిన్ తన మనసులో ఉన్నది తానే చెప్పారు. రష్యన్లూ ఉక్రెయినియన్లూ ఒకే ప్రజ అని 2021 జూలైలో పెద్ద వ్యాసం రాశారు. 2022 ఫిబ్రవరి 21న చేసిన ప్రసంగంలో నేటి ఉక్రెయిన్ లెనిన్, బోల్షెవిక్కులు సృష్టించినదని అన్నారు. మూడు రోజులకు సైన్యం కదిలింది. 1991 డిసెంబరు 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసిన ఉక్రెయినియన్లలో 90 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరారు. దొనెత్స్క్, లుహాన్స్క్ ప్రాంతాల్లోనూ, క్రిమియాలోనూ సగానికి మించి ఓట్లు అటే పడ్డాయి. 1994లో బుడాపెస్ట్‌లో సంతకం చేసి ఉక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వాయుధాలను వదులుకుంది. బదులుగా దాని సరిహద్దులను గౌరవిస్తామని మాట ఇచ్చిన మూడు దేశాల్లో రష్యా ఒకటి. నాటో విస్తరణ ఈ కథలో ఒక అధ్యాయం, అంతే. యుద్ధం మొదలుపెట్టాలన్న నిర్ణయం మాత్రం మాస్కోదే.

ప్రశ్న: రష్యాలో పార్టీలున్నాయి, ఎన్నికలు జరుగుతున్నాయి. అయినా పాతికేళ్లుగా ఒకే మనిషి ఎలా కొనసాగుతున్నారు? ప్రజలకు ఆయనంటే నిజంగా అంత ఇష్టమా?
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఇది పుతిన్‌కు ముందే మొదలైన కథమ్మా. 1993 అక్టోబరులో అధ్యక్షుడు యెల్త్సిన్ తనకు ఎదురు తిరిగిన పార్లమెంటు భవనాన్ని ట్యాంకులతో కొట్టించారు. ఆ డిసెంబరులో వచ్చిన రాజ్యాంగం అధికారాలన్నీ అధ్యక్షుడి చేతిలో పెట్టింది. ఆనాడు పాశ్చాత్య ప్రభుత్వాలు యెల్త్సిన్‌నే సమర్థించాయి. 1999 డిసెంబరు 31న తాత్కాలిక అధ్యక్షుడైన పుతిన్‌కు ఆ కుర్చీ అంతటి బలంతోనే దక్కింది.

తొలి ఏళ్లలో ఆయనకు నిజమైన ఆదరణ ఉంది. 1990లలో జీతాలు అందక, పొదుపు సొమ్ము హరించుకుపోయి నలిగిన జనానికి చమురు ధర పెరిగి, పింఛను సకాలంలో రావడం సామాన్యమైన విషయం కాదు. అదే కాలంలో ఒక్కొక్క తలుపూ మూతపడుతూ వచ్చింది. 2001లో ఎన్‌టీవీ ఛానల్ ప్రభుత్వ ఆధీనంలోని గాజ్‌ప్రామ్ చేతికి వెళ్లింది. 2003లో దేశంలోకెల్లా సంపన్నుడైన ఖొదొర్కోవ్‌స్కీ జైలుకు వెళ్లారు; రాజకీయాల జోలికి రావద్దన్న సందేశం మిగతా కోటీశ్వరులకు అందింది. 2004లో ఉగ్రవాదులు బెస్లాన్ పాఠశాలలో పిల్లలను బందీలుగా పట్టిన ఘోరం తరువాత గవర్నర్ల ఎన్నికలు రద్దయ్యాయి. 2012లో వాటిని తిరిగి తెచ్చినా ఎవరు పోటీ చేయాలన్నది పైనుంచే తేలుతోంది. 2020 రాజ్యాంగ సవరణ పుతిన్ పాత పదవీకాలాలను లెక్కలోంచి తీసేసి, 2036 వరకు ఉండే వీలు కల్పించింది. ఎదురు నిలిచినవారిలో నెమ్త్సోవ్ 2015లో క్రెమ్లిన్ గోడలకు కూతవేటు దూరంలో హత్యకు గురయ్యారు. నావల్నీ 2024 ఫిబ్రవరి 16న ఆర్కిటిక్ ప్రాంతపు జైలులో మరణించారు. స్టాలిన్ కాలపు బాధితుల పేర్లు సేకరించిన ‘మెమోరియల్’ సంస్థను 2021 డిసెంబరులో కోర్టు ఉత్తర్వుతో మూయించారు. మరుసటి ఏడాది దానికి నోబెల్ శాంతి బహుమతిలో భాగం దక్కింది.

ఒక్క సంఘటన చెబుతాను. 2022 మార్చిలో మాస్కోలో ఒక వార్డు కౌన్సిల్ సమావేశం జరిగింది. ఎజెండాలో పిల్లల చిత్రలేఖనం పోటీ ఉంది. అలెక్సీ గొరీనోవ్ అనే సభ్యుడు లేచి, ఉక్రెయిన్‌లో పిల్లలు చనిపోతుంటే మనం ఇక్కడ పిల్లలకు బొమ్మల పోటీ పెట్టడం ఏమిటని అడిగారు. సైన్యం గురించి అబద్ధాలు ప్రచారం చేశారన్న నేరం మీద ఆయనకు ఏడేళ్ల శిక్ష పడింది. ఇలాంటి చోట 80 శాతం మంది సమర్థిస్తున్నారని సర్వే చెబితే, ఆ అంకెను మన దగ్గరి సర్వే అంకెలా చదవడానికి లేదు.

అయినా ప్రజలంతా మౌనంగా ఉన్నారనుకోవద్దు. 2024 జనవరిలో యుద్ధాన్ని వ్యతిరేకించిన నదేజ్దిన్ అనే నాయకుడు అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి సంతకాలు సేకరించినప్పుడు, గడ్డకట్టే చలిలో ఊరూరా జనం వరుసల్లో నిలబడి తమ పేరు, పాస్‌పోర్టు సంఖ్య రాసి మరీ సంతకం పెట్టారు. తమ వివరాలు ప్రభుత్వం చేతికే వెళ్తాయని వారికి తెలుసు. ఎన్నికల సంఘం సంతకాల్లో లోపాలున్నాయని నామినేషన్ తిరస్కరించింది. మార్చిలో పుతిన్‌కు 87 శాతం ఓట్లు వచ్చినట్టు ప్రకటించారు.

పొరుగు దేశాలతో తగాదా మూలం కూడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. 2003లో జార్జియాలో, 2004లో ఉక్రెయిన్‌లో, 2005లో కిర్గిజ్‌స్తాన్‌లో, 2020లో బెలారస్‌లో దొంగ ఎన్నికలను కాదని జనం వీధుల్లోకి వచ్చారు. వాటిలో మూడు చోట్ల అధికారం చేతులు మారింది. రష్యన్ మాట అర్థమయ్యే పొరుగున అలా జరగడం చూసి మాస్కో పాలకులు భయపడ్డారు. పొరుగు దేశం తన పాలకుణ్ణి తానే ఎంచుకోగలిగితే, రేపు మాస్కో పౌరుడూ అదే అడుగుతాడు.

ప్రశ్న: బెలారస్ ప్రత్యేక దేశమా, రష్యాలో భాగమా?
— పోటీ పరీక్షల అభ్యర్థి, శ్రీకాకుళం

జవాబు: ప్రత్యేక దేశమే, ఐక్యరాజ్య సమితి సభ్యదేశం. 1999 డిసెంబరులో రెండు దేశాలూ ‘యూనియన్ స్టేట్’ ఒప్పందం చేసుకున్నాయి గానీ ఉమ్మడి కరెన్సీ, ఉమ్మడి పార్లమెంటు నేటికీ రాలేదు. 1994 నుంచి అధికారంలో ఉన్న లుకషెంకో చాలాకాలం మాస్కోకూ ఐరోపాకూ మధ్య బేరాలాడుతూ నెట్టుకొచ్చారు. 2020 ఎన్నికల తరువాత లక్షల మంది వీధుల్లోకి వచ్చినప్పుడు ఆయనను నిలబెట్టింది పుతిన్ అండ. ఆ రుణం 2022లో తీర్చారు: కీవ్ మీదికి సాగిన రష్యా సైన్యం బయలుదేరింది బెలారస్ నేల మీద నుంచే. 2023లో రష్యా అణ్వాయుధాలకు చోటిచ్చారు. అయినా తన సైన్యాన్ని ఉక్రెయిన్ యుద్ధానికి పంపలేదు. 2025లో అమెరికాతో మాట్లాడి కొందరు రాజకీయ ఖైదీలను విడుదల చేశారు. పరీక్షలో ఈ తేడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఆర్మేనియా రష్యాకు మిత్రదేశం కదా. అక్కడ రష్యా సైనిక స్థావరం కూడా ఉంది. మరి 2023లో అజర్‌బైజాన్ దాడి చేస్తే రష్యా ఎందుకు అడ్డుకోలేదు? ఇప్పుడు ఆ రెండు దేశాలూ వాషింగ్టన్ వెళ్లి సంతకాలు పెట్టడమేమిటి?
— బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రష్యాతో స్నేహం విలువ ఎంతో తెలుసుకోవాలంటే అందరికంటే ముందు అడగవలసింది ఆర్మేనియన్లను. టర్కీ భయంతో, 1915 నాటి మారణహోమం జ్ఞాపకంతో ఆ చిన్న దేశం తన రక్షణను పూర్తిగా మాస్కోకు అప్పగించింది. గ్యూమ్రీలో రష్యా స్థావరం ఉంది. సామూహిక భద్రతా ఒప్పంద సంస్థలో, అంటే రష్యా, బెలారస్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్‌లతో కూడిన సైనిక కూటమిలో ఆర్మేనియా సభ్యదేశం. గ్యాస్ రష్యాది, దానిని పంచే సంస్థ గాజ్‌ప్రామ్‌ది, రైళ్లు నడిపేది రష్యా రైల్వే.

నగోర్నో-కరబాఖ్ అంతర్జాతీయ చట్టం ప్రకారం అజర్‌బైజాన్ భూభాగం, 2023 దాకా అక్కడి జనంలో అత్యధికులు ఆర్మేనియన్లు. 1990ల మొదట్లో జరిగిన యుద్ధంలో ఆర్మేనియన్లు గెలిచి, చుట్టుపక్కల జిల్లాలను కూడా ఆక్రమించి, అక్కడి లక్షల మంది అజర్‌బైజానీలను నిరాశ్రయులను చేశారు. ఈ సగం చెప్పకుండా మిగతా సగం చెప్పడం సరికాదు. 2020లో 44 రోజుల యుద్ధంతో అజర్‌బైజాన్ ఆ జిల్లాలను తిరిగి దక్కించుకుంది. నవంబరులో పుతిన్ మధ్యవర్తిత్వంతో కాల్పులు ఆగి, 1,960 మంది రష్యా శాంతి పరిరక్షకులు కరబాఖ్‌కు వచ్చారు. అక్కడి జనాన్ని ఆర్మేనియాతో కలిపే లాచిన్ దారిని కాపాడడం వారి పని.

2022 డిసెంబరులో ఆ దారి మూసుకుపోయింది. రష్యా సైనికులు పక్కనే ఉన్నారు, దారి మాత్రం తెరుచుకోలేదు. నెలలు గడిచేకొద్దీ కరబాఖ్ దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. పెట్రోలు లేక కార్లు ఆగిపోయాయి. రొట్టె కోసం రాత్రుళ్లు వరుసలు కట్టారు. 2023 సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ దాడి చేసింది. ఒక్క రోజులో అంతా ముగిసింది. రెండు వారాల్లోపే లక్ష మందికి పైగా, అంటే దాదాపు మొత్తం జనం, దొరికిన వాహనమెక్కి కొండదారి వెంట ఆర్మేనియాకు వెళ్లిపోయారు. ఆ దాడిలో రష్యా శాంతి పరిరక్షక దళపు ఉపసేనాధిపతే కాల్పులకు బలయ్యారు. అజర్‌బైజాన్ క్షమాపణ చెప్పింది, మాస్కో సరిపెట్టుకుంది. 2024 వేసవికి ఆ దళం మొత్తం వెనక్కి వెళ్లింది.

రష్యా ఎందుకు కదల్లేదు? ఒక కారణం, సైన్యమంతా ఉక్రెయిన్‌లో చిక్కుకుంది. మరొకటి, ఆంక్షల మధ్య దక్షిణానికి సరుకు పంపడానికీ, టర్కీతో మంచిగా ఉండడానికీ మాస్కోకు ఆర్మేనియా కంటే అజర్‌బైజాన్ ఎక్కువ అవసరమైంది. మూడోది, 2018లో వీధి ఉద్యమంతో అధికారంలోకి వచ్చిన ప్రధాని పషిన్యాన్ అంటే క్రెమ్లిన్‌కు ఏనాడూ గిట్టలేదు. కరబాఖ్ ఆర్మేనియా భూభాగం కాదు కాబట్టి కూటమి ఒప్పందం వర్తించదని మాస్కో అంటుంది. మరి 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ ఆర్మేనియా సొంత గడ్డ మీదనే దాడి చేసినప్పుడూ ఆ కూటమి పరిశీలకులను పంపి ఊరుకుంది. ఈ ప్రశ్నకు మాస్కో దగ్గర సరైన జవాబు లేదు.

2024లో ఆర్మేనియా ఆ కూటమిలో తన పాత్రను స్తంభింపజేసింది. ఆయుధాల కోసం ఫ్రాన్స్ వైపూ, మన వైపూ తిరిగింది. ఆర్మేనియా కొన్న ఆకాశ్ క్షిపణులను రూపొందించిందీ, ఉత్పత్తి చేసేదీ మీ హైదరాబాద్‌లోనే. ఇంతలో అజర్‌బైజాన్‌తోనూ మాస్కోకు చెడింది. 2024 డిసెంబరు 25న బాకూ నుంచి గ్రోజ్నీ వెళ్తున్న అజర్‌బైజాన్ విమానం రష్యా గగనతలంలో దెబ్బతిని, కాస్పియన్ సముద్రం దాటి కజకిస్తాన్‌లోని అక్తావ్ దగ్గర కూలి 38 మంది చనిపోయారు. తమ క్షిపణులే విమానానికి దగ్గరలో పేలాయని పుతిన్ ఒప్పుకోవడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. ఆలోగా, ఆగస్టు 8న, అజర్‌బైజాన్ అధ్యక్షుడు అలియేవ్, పషిన్యాన్ ఇద్దరూ వాషింగ్టన్‌లో ట్రంప్ సమక్షంలో శాంతికి ఒప్పుకున్నారు. రెండు వందల ఏళ్లుగా ఈ దేశాలున్న కాకసస్ ప్రాంతపు తగాదాలను తానే తీర్చే స్థానంలో ఉన్న మాస్కోకు ఆ గదిలో కుర్చీ లేదు.

ప్రశ్న: మా అమ్మాయి బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. ఉక్రెయిన్ నుంచి పిల్లలు ఎలా వచ్చారో టీవీలో చూశాం. రష్యా తరువాత మధ్య ఆసియా మీద పడుతుందా? అమ్మాయిని వెనక్కి రప్పించమంటారా?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ ఆందోళన అర్థమైంది. బిష్కెక్ రాజధానిగా ఉన్న కిర్గిజ్‌స్తాన్‌కు రష్యాతో ఉమ్మడి సరిహద్దు లేదు, తగాదా అంతకంటే లేదు. కాంత్ పట్టణంలో రష్యా వైమానిక స్థావరం ఆ ప్రభుత్వ అంగీకారంతోనే ఉంది. అక్కడ రష్యా దండయాత్ర వస్తుందన్న భయంతో చదువు మాన్పించవలసిన అవసరం నాకు కనిపించదు. అక్కడి ప్రమాదం వేరే రకానిది. 2024 మేలో స్థానికులకూ విదేశీ విద్యార్థులకూ మధ్య జరిగిన ఒక కొట్లాట తరువాత అల్లరి మూకలు బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. మన పిల్లలను బయటకు రావద్దని భారత రాయబార కార్యాలయం హెచ్చరించింది. అమ్మాయి రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నదో లేదో కనుక్కోండి. హాస్టల్ ఎక్కడ ఉంది, రాత్రి కాపలా ఎవరు అన్నవి కూడా అడగండి.

మధ్య ఆసియాలో రష్యా గురించి నిజంగా ఆలోచించవలసిన దేశం కజకిస్తాన్. రెండు దేశాల మధ్య సరిహద్దు 7,600 కిలోమీటర్ల చిల్లర. ప్రపంచంలో ఇంత పొడవైన ఏకధాటి భూసరిహద్దు మరొకటి లేదు. ఉత్తర జిల్లాల్లో రష్యన్ జనాభా ఎక్కువ. రష్యా పార్లమెంటు సభ్యులు కొందరు ఆ భూములు రష్యా ఇచ్చిన బహుమతులని అప్పుడప్పుడు అంటుంటారు. చమురు ఎగుమతుల్లో సింహభాగం రష్యా రేవు నొవొరొసీస్క్‌కు వెళ్లే పైపులైను మీద ఆధారపడింది. 2022 జనవరిలో గ్యాస్ ధరల మీద మొదలైన అల్లర్లు అదుపు తప్పినప్పుడు అధ్యక్షుడు టొకాయెవ్ కోరిన మీదట రష్యా కూటమి దళాలు వచ్చి, రెండు వారాల్లోపే వెళ్లిపోయాయి. అంటే తన కుర్చీ విషయంలో ఆయన పుతిన్‌కు రుణపడ్డారు.

ఐదు నెలలకు, జూన్ 17న, సెంట్ పీటర్స్‌బర్గ్ ఆర్థిక సదస్సు వేదిక మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రష్యా స్వతంత్ర దేశాలుగా గుర్తించిన దొనెత్స్క్, లుహాన్స్క్‌ల గురించి అడిగితే, వాటిని తాము గుర్తించబోమని టొకాయెవ్ పుతిన్ ఎదుటే చెప్పారు. గొంతు పెంచలేదు, ఐక్యరాజ్య సమితి నియమావళిలో సరిహద్దుల సమగ్రతకూ స్వయంనిర్ణయ హక్కుకూ ఉన్న వైరుధ్యాన్ని వివరించి, ప్రతి ప్రాంతమూ విడిపోతే ప్రపంచంలో వందల దేశాలు పుట్టుకొస్తాయన్నారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న దేశాధినేత అంత మాట అనగలగడం సామాన్యం కాదు. ఆ శరదృతువులో పుతిన్ సైనిక సమీకరణ ప్రకటించినప్పుడు దాని నుంచి తప్పించుకుని లక్షల మంది రష్యన్లు కజకిస్తాన్‌లోకి వచ్చారు. సినిమా హాళ్లలో రాత్రుళ్లు పడుకోనిచ్చిన ఊళ్లున్నాయి.

తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌ల బంధం వలస కూలీలది. మాస్కోలో ఇళ్లు కట్టేదీ, వీధులు ఊడ్చేదీ, టాక్సీలు నడిపేదీ ఎక్కువగా వారే. తజికిస్తాన్‌కు వారు పంపే డబ్బు కొన్నేళ్లలో ఆ దేశ జాతీయోత్పత్తిలో సగానికి దగ్గరగా వచ్చింది. 2024 మార్చి 22న మాస్కో శివార్లలోని క్రోకస్ సభామందిరంలో 140 మందికి పైగా చనిపోయిన ఉగ్రదాడిలో నిందితులు తజిక్‌లు కావడంతో, ఆ తరువాత తనిఖీలు, నిర్బంధాలు, బహిష్కరణలు ఏ పాపం తెలియని కూలీల మీద పడ్డాయి. గల్ఫ్‌కు మనుషులను పంపిన జిల్లా మీది. ఇంటి పొయ్యి పరాయి ప్రభుత్వపు సంతకం మీద ఆధారపడడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: బాల్టిక్ దేశాల్లో రష్యన్ మాట్లాడేవారిని రెండో తరగతి పౌరులుగా చూస్తున్నారని చదివాను. అది నిజమైతే రష్యా కోపంలో తప్పేముంది?
— న్యాయవాది, రాజమహేంద్రవరం

జవాబు: ఫిర్యాదులో నిజం ఉంది. 1991 తరువాత ఎస్తోనియా, లాత్వియాలు సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడినవారికి పౌరసత్వం నేరుగా ఇవ్వలేదు. భాషా పరీక్ష పెట్టాయి. ఆ పరీక్ష రాయని, రాయలేని వృద్ధులు చాలామంది ఏ దేశ పౌరులూ కాకుండా మిగిలారు. 2025లో ఎస్తోనియా రాజ్యాంగాన్ని సవరించి, అక్కడ నివసించే రష్యా పౌరులకు స్థానిక ఎన్నికల్లో ఉన్న ఓటు హక్కును కూడా తీసేసింది. దశాబ్దాలుగా అక్కడే పన్ను కడుతున్నవారికి ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కానీ ఆ దేశాలను 1940లో స్టాలిన్ బలవంతంగా కలిపేసుకుని, వేల కుటుంబాలను పశువుల రైలు పెట్టెల్లో సైబీరియాకు పంపిన సంగతి పక్కన పెట్టి ఈ చట్టాలను చదివితే తీర్పు తప్పుతుంది.

నార్వా పట్టణం చూడండి. ఎస్తోనియా తూర్పు కొసన ఉన్న ఆ ఊళ్లో దాదాపు అందరి మాటా రష్యనే. నదికి ఇటు ఒక కోట, అటు రష్యా వైపు ఇవాన్‌గొరొద్‌లో మరో కోట; మధ్యలో వంతెన. 2024 నుంచి ఆ వంతెన మీద వాహనాలు లేవు, రాత్రిళ్లు మూసేస్తారు. పగలు సూట్‌కేసులు ఈడ్చుకుంటూ జనం కాలినడకన దాటుతారు. అటు తల్లి, ఇటు కూతురు ఉన్న కుటుంబాలెన్నో. మే 9న అటు ఒడ్డున నార్వా వైపు తిప్పిన పెద్ద తెర మీద రెండో ప్రపంచ యుద్ధ విజయదినోత్సవ కచేరీ వేస్తారు. ఇటు కోట గోడకు పుతిన్‌ను యుద్ధ నేరస్థుడంటూ బ్యానర్ కట్టారు. ఆ రెంటి మధ్యన ఒడ్డున నిలబడి పాటలు వినేవారు, తమను ‘కాపాడడానికి’ సైన్యం రావాలని కోరుకుంటున్నారనుకోవడం పొరపాటు. రష్యన్ మాట్లాడేవారిని కాపాడతామంటూ వెళ్లిన సైన్యం, రష్యనే ఎక్కువగా మాట్లాడే ఉక్రెయిన్ నగరం మారియుపోల్‌ను ఎలా శిథిలం చేసిందో వారికి తెలుసు. రష్యన్ భాషకు జరిగే అన్యాయాన్ని కోర్టుల్లో, ఎన్నికల్లో సరిదిద్దుకోవచ్చు. న్యాయవాదిగా మీరూ ఆ దారినే మెచ్చుకుంటారు.

ప్రశ్న: రష్యా చమురు కొన్నామని 2025లో అమెరికా అదనపు సుంకం వేస్తే ఆ దెబ్బ మా రొయ్యల మీద పడింది. ఎక్కడో జరిగే యుద్ధంతో మనకేం పని? మన దేశం ఎటు ఉండాలంటారు?
— ఆక్వా రైతు, భీమవరం

జవాబు: చమురు కొన్నది మీరు కాదు, నష్టపోయింది మీరు, మీ బాధ న్యాయమైనది. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం లోపు. తరువాత మూడో వంతు దాటింది. చవకగా దొరికినప్పుడు కొనడాన్ని నేను తప్పుపట్టను; ఐరోపా దేశాలు కూడా యుద్ధం మొదలైన తరువాత ఏళ్ల తరబడి రష్యా గ్యాస్ కొన్నాయి. ఆ లాభంలో కొంత ముందే పక్కన పెట్టి ఎగుమతి రైతును ఆదుకునే ఏర్పాటు చేయకపోవడం మన పాలకుల లోపం.

నాకు అభ్యంతరం ఓటు విషయంలోనే. 2022 అక్టోబరు 12న, ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలను రష్యా కలిపేసుకోవడాన్ని ఖండిస్తూ ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో తీర్మానం వచ్చింది. 143 దేశాలు బలపరిచాయి, ఐదు వ్యతిరేకించాయి, 35 తటస్థంగా ఉండిపోయాయి. ఆ 35లో మనం ఉన్నాం. బలవంతంగా సరిహద్దులు మార్చకూడదన్నది మనకు ఎక్కడో దూరపు సూత్రం కాదు. అక్సాయ్ చిన్ విషయంలో, అరుణాచల్ విషయంలో మనం నిలబడేది దాని మీదే. ‘ఇది యుద్ధాల యుగం కాదు’ అని ప్రధాని మోదీ 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో పుతిన్‌తో ముఖాముఖి అన్నారు. నెల తిరగకముందే వచ్చిన ఓటింగులో ఆ మాట మీద నిలబడి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. చమురు కొంటూనే ఆ మాట అనవచ్చు. 7,600 కిలోమీటర్ల సరిహద్దున్న కజకిస్తాన్ వ్యాపారం మానకుండానే పుతిన్ ఎదుట ఆ మాట అనగలిగింది.

ప్రశ్న: రష్యాలో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం, నెలకు లక్షకు పైగా జీతం అని మా తమ్ముడికి ఒక ఏజెంటు చెబుతున్నాడు. పంపవచ్చా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వద్దు. సరిగ్గా ఇలాంటి మాటలు నమ్మి, సహాయకుల ఉద్యోగమనుకుని వెళ్లిన మన యువకులను రష్యా సైన్యంలో చేర్చి యుద్ధరంగానికి పంపారు. 12 మంది మరణించారనీ, 16 మంది ఆచూకీ తెలియడం లేదనీ 2025 జనవరిలో విదేశాంగ శాఖ ప్రకటించింది. చనిపోయినవారిలో హైదరాబాద్ యువకుడు ఒకరు. అక్కడికి చేరాక చేతికిచ్చే కాగితం రష్యన్‌లో ఉంటుంది. సంతకం పెట్టాక వెనక్కి రావడం మన ప్రభుత్వం మాస్కోతో పై స్థాయిలో మాట్లాడితే తప్ప సాధ్యపడలేదు. ఆ ఏజెంటు పేరు, లైసెన్సు సంఖ్య విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నాయేమో ఈరోజే చూడండి. లేకపోతే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. తమ్ముడి పాస్‌పోర్టు ఇప్పటికే అతని చేతికి ఇచ్చి ఉంటే ముందు దాన్ని వెనక్కి తీసుకోండి.